సెల్ ఫోనునకు బీమా: ఇచ్చు సొమ్మునకు తగిన ఫలమున్నదా?

ఈ మధ్య మన సంఘ సభ్యులలో పలువురు మమ్మొక ప్రశ్న యడుగుచున్నారు. పట్టణమున క్రొత్త సెల్ ఫోను కొనబోయినపుడు అంగడివారు ఫోను ధరతోపాటు బీమా యని మరియొక మొత్తమును చేర్చి చెప్పుచున్నారనియు, దానిని తీసికొనవలెనా మానవలెనా యనియు వారి సందేహము. వరినారునకు తెగులు సోకినపుడు మమ్మడుగుట వాడుకయే గాని, ఫోను సంగతి వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు నడుగుట యేమని కొందరు నవ్వవచ్చును. నవ్వవలసిన పని లేదు. నేడు ఫోను కూడ కొడవలివలె, తైవాను పంపువలె సేద్యపు పనిముట్టే యయినది.

బోరు మోటారును ఇంటినుండియే ఆడించు మొబైల్ స్టార్టరు, మార్కెట్టు ధర, వాన సూచన, ఎరువుల అంగడిలో చెల్లింపు, ఇవన్నియు దానితోనే జరుగుచున్నవి. పి.ఎం. కిసాన్ క్రింద ఏటేట మూడు విడతలుగా వచ్చు 6,000 రూపాయలకు ఈ-కె.వై.సి. చేయించుకొన బోయినను ఓ.టి.పి. ఆ ఫోనునకే వచ్చును. ఫసల్ బీమా పథకము అమలులోనున్న చోట్ల వడగండ్లు పడి పైరు చెడినపుడు 72 గంటలలో తెలియజేయవలెనను నిబంధన యున్నది. ఆ తెలియజేయుటయు తరచుగా ఫోను ద్వారానే. కావున ఫోను చెడిన రైతునకు కలుగు నష్టము ఫోను వెల మాత్రమే కాదు. ఈ సంగతిని మనసునందుంచుకొనియే బీమా లెక్క చూడవలెను.

మా యభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. పది పదునైదు వేలలోపు ధరగల ఫోను వాడు రైతునకు ఈ బీమా సామాన్యముగా గిట్టుబాటు కాదు. కొందరి విషయమున మాత్రము అది యుచితమే. వారెవరో తరువాత వ్రాసెదము.

మొదట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. బీమా కట్టనిచో ఫోను వాయిదాలకు ఇయ్యరని కొన్ని అంగళ్లలో చెప్పుచున్నారట. మోటారు వాహనమును రోడ్డుపై నడుపువారికి థర్డ్ పార్టీ బీమా 1988 నాటి మోటారు వాహనముల చట్టముచే నిర్బంధము. ఫోనునకు బీమా కావలెనని శాసించు చట్టమేదియు లేదు. అది కేవలము కొనువాని యిష్టము. బిల్లులో ఫోను ధర యెంత, బీమా యెంత, పన్ను యెంత యని వేరువేరుగా వ్రాసి యిమ్మని అడుగుటకు మన సభ్యులు మొగమాటపడరాదు. ఎరువుల బస్తా కొనునపుడు తూకమడుగువారు ఇచట మాత్రమేల యూరకుండవలెను?

ఇక బీమా యనునది మనకు క్రొత్త కాదు. 1925 లోనే మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని స్థాపించిరి. నూరుగురు తలకు కొంత వేసికొని, ఆ నూరుగురిలో కష్టము తటస్థించిన ఒకరిద్దరిని ఆదుకొనుటయే బీమా. మన సహకార సంఘములకు మూలమైన ధర్మమును అదియే. అయితే కూడిన సొమ్ములోనుండియే అంగడివాని కమీషను, కంపెనీవారి జీతములు, వారి లాభము వెలువడవలెను. ఆపైన నూటికి 18 వంతున జి.ఎస్.టి. కావున అందరిని కలిపి చూచినచో బీమా ఎల్లప్పుడును తీసికొన్నదానికంటె తక్కువయే తిరిగి యిచ్చును. ఇది మోసము కాదు, దాని స్వభావమే యంత. ఇల్లు కాలినను, యజమాని ఆకస్మికముగా మరణించినను, పాడిగేదె చచ్చినను ఆ కుటుంబము సంవత్సరముల తరబడి తేరుకొనలేదు. అట్టి భయమును దీర్చుకొనుటకు కొంత యధికముగా చెల్లించుట వివేకమే. పగిలిన ఫోను అట్టి నష్టమా యనునది ప్రశ్న.

లెక్క కొరకు ఒక ఫోను ధర 15,000 రూపాయలనుకొందము. సంవత్సరమునకు ప్రీమియము 1,000, పన్ను 180, వెరసి 1,180 రూపాయలు. అద్దము పగిలినపుడు మరమ్మతునకు 4,000 అగుననియు, అందు మొదటి 1,000 రూపాయలు మనమే భరింపవలెనని పాలసీలో నున్నదనియు అనుకొందము. అపుడు బీమావలన చేకూరునది 3,000. అనగా రెండున్నర సంవత్సరముల కొకసారి తప్పక అద్దము పగులగొట్టుకొను వానికి గాని పెట్టిన సొమ్ము సరిపోదు. ఫోను పూర్తిగా పాడైపోయినచో నేమందురా? పదునొకండవ నెలలో అట్లు జరిగిన దనుకొందము. తరుగుదల యని నాలుగవ వంతు, అనగా 3,750 తీసివేసి, మన వంతు 1,000 కూడ తీసివేసిన 10,250 చేతికి వచ్చును. ఎనిమిది తొమ్మిది సంవత్సరముల కొకసారి అట్టి నష్టము పొందువానికి ఈ లెక్క సమానమగును. ఈ యంకెలన్నియు మేము ఉదాహరణమునకై వేసినవే. పాలసీ పాలసీకిని ఇవి మారును. సభ్యులు తమ చేతికి వచ్చిన కాగితములోని యంకెలను వేసి ఇట్లే గుణించి చూచుకొనవలెను. అందులకు గొప్ప గణితము రానక్కరలేదు. ఎకరమునకు విత్తన మెంతయని లెక్కించు రైతునకు ఇది యొక లెక్క కాదు.

ఈ లెక్కలో మరియొక మెలిక యున్నది. ఫోను వెల నెలనెలకు దిగిపోవును. రెండవ సంవత్సరమున ఆ 15,000 ఫోనునకు బజారులో సగము ధర కూడ రాదు. ఇచ్చు పరిహారము ఆ తగ్గిన వెలనుబట్టియే గాని మనము కొన్న వెలనుబట్టి కాదు. ఈనుచున్న కొలది పాలిచ్చు గేదెకును, కొన్ననాటినుండి తరుగుచునే యుండు ఫోనుకును ఈ భేదము గలదు. రెండవ యేట, మూడవ యేట బీమాను పొడిగింతుమనువారి మాట మరియు జాగ్రత్తగా వినవలెను.

అంకెలకంటెను నిబంధనలు ముఖ్యము. రైతు ఫోనునకు సాధారణముగా వచ్చు ఆపద లేవి? నాటు వేయుచు వంగినపుడు పైజేబునుండి జారి దమ్ముచేసిన మడిలో పడుట. మోటారు పెట్టె మీద పెట్టి మరచిపోవుట. ట్రాక్టరు మడ్‌గార్డు మీదనుండి క్రిందపడి చక్రము క్రింద నలుగుట. మందు కొట్టుచుండగా తడియుట. సంతలోనో బస్సులోనో జేబుదొంగ తీసికొనిపోవుట. వీనిలో ఏవి బీమాలోనికి వచ్చును? ఫోను కంపెనీ వారంటీ యని సామాన్యముగా ఒక సంవత్సరము ఇచ్చునది తయారీలోని లోపమునకే గాని, పడినదానికి, తడిసినదానికి వర్తింపదు. బీమా ఈ రెంటికిని వర్తింపవచ్చును. కాని 'ఎక్కడనో పోయినది' అన్నచో చాల పాలసీలలో నేమియు రాదు. దొంగతనమునకు సైతము తాళము పగులగొట్టుటయో, బలాత్కారముగా లాగుకొనుటయో జరిగినట్లు గుర్తుండవలెనని కొన్నిటిలో షరతు గలదు. జేబుదొంగ గుర్తులు వదలి పోడు గదా! పోలీసువారి ఎఫ్.ఐ.ఆర్. ప్రతి లేనిదే దొంగతనపు క్లెయిము నడవదు. ఫిర్యాదు చేసినవారికి ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా ఇయ్యవలెనని చట్టమున్నది గనుక, దానిని అడిగి తీసికొనవలెను.

మా పరిధిలోని యొక గ్రామమున క్రిందటి నాట్లకాలమున జరిగినది చెప్పుచున్నాము. ఒక సభ్యుని క్రొత్త ఫోను మడినీటిలో పడినది. అతడు దానిని కడిగి, తుడిచి, ఎవరో చెప్పిరని రెండు దినములు బియ్యపు డబ్బాలో పాతిపెట్టెను. పిమ్మట చార్జరు పెట్టి చూచెను. వెలుగలేదు. వీధిలోని మరమ్మతువాని చేత విప్పించెను. ఆరవ దినమున గాని ఇంట బీమా కాగితమున్నట్లు అతని భార్య జ్ఞప్తికి తేలేదు. కాగితములో 48 గంటలలోపల తెలియజేయవలెననియు, ఇతరులచే విప్పింపరాదనియు ఉన్నది. క్లెయిము త్రోసివేసిరి. అతడు కంపెనీని తిట్టుచున్నాడు; మాకును ఆ షరతులు కఠినముగానే తోచుచున్నవి. కాని అవి కాగితములో నున్నమాట నిజము. ఫోను తడిసిన వెంటనే ఆపివేసి, చార్జరు పెట్టక, ఎవరిచేతను విప్పింపక, ఆ దినముననే ఫిర్యాదు సంఖ్య తీసికొనుట తప్ప మార్గము లేదు. లోపల తడి సోకినచో రంగు మారు చిన్న గుర్తులు చాల ఫోనులలో నుండును; తడియలేదని చెప్పినంత మాత్రమున చెల్లదు.

కాగితము సంగతి వచ్చినది గనుక మరియొక మాట. అంగడిలో బీమా యని చెప్పి యిచ్చునవన్నియు బీమాలు కావు. కొన్ని నిజముగా ఐ.ఆర్.డి.ఎ.ఐ. వద్ద రిజిస్టరయిన బీమా కంపెనీల పాలసీలు. మరికొన్ని అంగడివారో, ఫోను కంపెనీవారో, మరియొక సంస్థవారో మరమ్మతు చేసి యిత్తుమని వ్రాసి యిచ్చు ఒడంబడికలు మాత్రమే. చూచుటకు రెండును ఒక్కరీతినే యుండును. ఒడంబడిక చెడ్డదని మా భావము కాదు. వివాదము వచ్చినపుడు పోవలసిన దారి వేరు. బీమా కంపెనీ యైనచో మొదట వారికే వ్రాసి, ఒక నెలలో బదులు రాకున్నను, వచ్చిన బదులు అన్యాయమని తోచినను, హైదరాబాదులోని ఇన్స్యూరెన్సు అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఖర్చు లేకుండ ఫిర్యాదు చేయవచ్చును. ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి ఫోను 155255. ఒడంబడిక మాత్రమే యైనచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద వినియోగదారుల కమీషనునకు పోవలెను. ముందుగా 1915కు ఫోను చేయవచ్చును. కొనునపుడే 'బీమా కంపెనీ పేరేమి? పాలసీ నెంబరేది?' అని రెండు ప్రశ్న లడిగినచో సంగతి తేలిపోవును. అంగడివాడు తడబడెనా, జవాబు మనకు దొరికినట్లే.

బిల్లు విషయమునను మన రైతులు అజాగ్రత్తగా నున్నారు. అంగడిలో యంత్రమునుండి వచ్చు ఆ మెరుపు కాగితము మీది అక్షరములు కొన్ని నెలలకే వెలసి తెల్లబడిపోవును. కొన్ననాడే జిరాక్సు తీయించి పట్టాదారు పాసుపుస్తకముతో పాటు దాచవలెను. బిల్లు పట్టణములోని కుమారుని పేర, వాడుక ఊరిలోని తండ్రి చేత ఉన్నచో, ఆ వాడుకకు బీమా వర్తించునో లేదో ముందే అడిగి తెలిసికొనవలెను.

ఇపుడు మాకు ముఖ్యమని తోచుదానికి వచ్చుచున్నాము. ఫోనునకు 1,180 రూపాయలు కట్టుటకు సిద్ధపడిన యింటిలో ఇంటివానికి బీమా ఉన్నదా? ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు సంవత్సరమునకు 20 రూపాయలు. ప్రమాదమున మరణించినచో 2 లక్షలు, 18 మొదలు 70 సంవత్సరముల వయస్సువారు చేరవచ్చును. జీవన జ్యోతి బీమా యోజనకు 436 రూపాయలు. ఏ కారణమున మరణించినను 2 లక్షలు, 18 మొదలు 50 సంవత్సరముల లోపు చేరవలెను. రెండును బ్యాంకు ఖాతానుండియే ఏటేట తీసికొనబడును. రెండును కలిపి ఒకరికి 456. భార్యాభర్త లిద్దరికిని 912. ఫోను బీమాకు అనుకొన్న 1,180లో ఇంకను 268 రూపాయలు మిగులును. దానితో గట్టి పౌచియు, అద్దముపై అంటించు టెంపర్డ్ గాజును కొనవచ్చును. పాము కాటు, కరెంటు దెబ్బ, ట్రాక్టరు తిరుగబడుట, ఇవి మన పొలములలో ఎంత అరుదో మీరే చెప్పవలెను. మెరుగైన ఫోనునకు బీమా చేసి, దానిని పట్టుకొను చేతికి బీమా లేకుండుట మా కంటికి వింతగా నున్నది.

గేదెల సంగతియు నంతే. పాడిగేదె వెల ఫోను వెలకు ఎన్నియో రెట్లు. చచ్చినచో ఇంటి రాబడియే పోవును. అయినను చెవిపోగు వేయించి బీమా చేయించుడనిన వాయిదా వేయువారే, వెలుగుచున్న గాజుపలకకు వెంటనే సంతకము పెట్టుచున్నారు. పైరు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఫసల్ బీమా అమలులోనున్న చోట ఆహార ధాన్యములకు ఖరీఫునందు బీమా మొత్తములో నూటికి 2, రబీయందు ఒకటిన్నర మాత్రమే రైతు వంతు. మిగిలినది ప్రభుత్వములు భరించును. ఫోను ప్రీమియములో అట్టి సహాయము పైసా లేదు.

ఫోను బీమా ఉచితమైనవారి సంగతి వ్రాసెదమంటిమి. డ్రోనుతో మందు కొట్టుచు ఫోను మీదనే పని నడపుకొను యువకులు, అధిక ధరగల ఫోనును వాయిదాలకు కొని ఇంకను అప్పు తీరనివారు, చేతివణుకు గలవారు, ఇంట చిన్నపిల్లల చేతికి ఫోను తరచుగా పోవువారు, మొదటి సంవత్సరమునకు మాత్రము తీసికొనుట తప్పు కాదని మా యభిప్రాయము. ఫోను పోయి, అప్పు మాత్రము మిగులుట బాధాకరమే. అట్టివారును నీటిలో పడుటకు, అద్దము పగులుటకు రెంటికిని వర్తించునదే తీసికొనవలెను. ఒక్క అద్దమునకే యని వ్రాసియున్నచో మన పొలములలో అది సగము బీమాయే.

తక్కినవారికి మా సలహా ఇది. ఆ ప్రీమియమును సంఘమునందే ప్రత్యేకముగా పొదుపు డిపాజిటులో నెలకు 100 రూపాయల వంతున వేయుడు. సంవత్సరమునకు 1,200 అగును. మూడు సంవత్సరములు ఫోను చెడకున్నచో 3,600, ఆపైన వడ్డి. అద్దము పగిలినచో అడుగవలసినవా రెవరును లేరు, నింపవలసిన ఫారములు లేవు. రెండవ నెలలోనే పగిలినచో చేతిలో 200 మాత్రమే గదాయని ఒక తెలివిగల సభ్యుడు మమ్మడిగెను. నిజమే, ఈ పద్ధతిలోని లోపమదే. అపుడు సంఘమునుండి చిన్న యప్పు తీసికొని కొద్ది నెలలలో తీర్చుకొనవచ్చును. డబ్బు చేతిలో నుంచుకొని దాచెదమనువారికి మాత్రము ఈ పద్ధతి పనికిరాదు. సంత నాటికి అది కరగిపోవును. ఇట్లైన సంఘమే సభ్యులందరి ఫోనులకు బీమా నడుపరాదా యని కూడ అడిగిరి. రిజిస్టరు కాని సంస్థ బీమా వ్యాపారము చేయుటకు 1938 నాటి బీమా చట్టమొప్పదు. ఒప్పినను, అట్టి నిధి ఏర్పడిన సంవత్సరముననే ఊరిలోని పాత ఫోనులన్నియు బావిలో పడునని మా భయము.

ఎవరు బీమా చేసినను చేయకున్నను ఒక పాత బటను ఫోనును చార్జి చేసి ఇంట నుంచవలెను. బీమా సొమ్ము వచ్చుటకు దినములు, వారములు పట్టును. మోటారు నేటి రాత్రియే ఆడవలెను. ఆ బటను ఫోనున్నచో సిమ్ము మార్చుకొని ఓ.టి.పి.యైనను అందుకొనవచ్చును.

ఫోనే పోయినచో, దానితోపాటు సిమ్మును పోవును. బ్యాంకు ఖాతాకు త్రోవయు తెరచికొనును. ఏ ఫోను బీమాయు ఖాతాలోనుండి పోయిన సొమ్మును సామాన్యముగా ఇయ్యదు. కావున మొదట సిమ్మును ఆపించి, వెంటనే బ్యాంకువారికి చెప్పి యు.పి.ఐ. నిలిపివేయింపవలెను. సొమ్ము పోయినట్లు తెలిసిన గడియలోనే 1930కు ఫోను చేయవలెను. పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ ప్రతితో 2023 నుండి దేశమంతట నడచుచున్న సంచార్ సాథీ పోర్టలులో ఫోనును బ్లాకు చేయించినచో దొంగ మరియొక సిమ్ము వేసినను అది పనిచేయదు. అదే నెంబరుతో క్రొత్త సిమ్ము తీసికొన్న తరువాత మొదటి 24 గంటలు ఎస్.ఎమ్.ఎస్.లు రావు గనుక ఓ.టి.పి.తో చేయవలసిన పనులను మరునాటికి ఉంచుకొనవలెను.

ఈ పోర్టలునకును, బీమా క్లెయిమునకును, పోలీసు ఫిర్యాదునకును అన్నిటికిని అడుగునది ఐ.ఎమ్.ఇ.ఐ. యను 15 అంకెల సంఖ్య. గేదెకు చెవిపోగు ఎట్టిదో ఫోనునకు ఇది యట్టిది. ఫోనులో నక్షత్రపు గుర్తు, హ్యాష్ గుర్తు, 06, మరల హ్యాష్ గుర్తు నొక్కినచో అది కనబడును. రెండు సిమ్ముల ఫోనైనచో రెండు సంఖ్యలుండును, రెంటిని వ్రాసికొనవలెను. ఫోనులోనే వ్రాసి దాచుకొన్న ప్రయోజనము లేదని వేరుగా చెప్పనక్కరలేదు. సంఘపు పాసుపుస్తకము వెనుక అట్టపై వ్రాసికొనుడు. వ్రాయ చేతకానివారు రుణముల విడుదల దినమున ఫోనును వెంట తెచ్చినచో గుమాస్తాగారు వ్రాసి యిత్తురు.